బొగ్గుట్ట వడ్లాయన

మా తాతను పేరు పెట్టి పిలిచినవాళ్లను ఇల్లందులో నేను చూడలేదు. ఊరివాళ్లకు ఆయన వడ్లాయన, అంటే వడ్రంగి. గుండాల దారిలోని గూడేల నుంచి వచ్చే కోయవాళ్లకు వడ్లమామ. బొగ్గుబాయి పనివాళ్లకు మిస్త్రీ. మా అమ్మమ్మకు ‘ఇగో, మిమ్ముల్నే’. ఓటరు జాబితాలో ఒక పేరుండేది గానీ, పోలింగు రోజున దాన్ని పైకి చదివితే తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేవాడట. కాబట్టి నేనూ ఇక్కడ ఆ పేరు రాయను.

ఎప్పుడు పుట్టావు తాతా అంటే ‘కొత్తగూడెం పట్టాలు పడ్డ యేడు’ అనేవాడు. కారేపల్లి దగ్గర చీలి కొత్తగూడెం పోయే ఆ రైలు దారి 1927లో మొదలైంది. తాత పోయింది 2004 వానకాలంలో. ఈ డెబ్బయి ఏడేళ్లలో ఇల్లందు నిజాం ఏలుబడి నుంచి హైదరాబాద్ రాష్ట్రంలోకి, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మారింది. 1953లో వరంగల్ జిల్లా నుంచి విడగొట్టి ఖమ్మం జిల్లా చేస్తే అందులోకి పోయింది. తాత మాత్రం స్టేషన్ బస్తీలోని ఒక పెంకుటింటి నుంచి దాని పక్కనే కట్టుకున్న ఇంకో పెంకుటింట్లోకి మారాడు. అంతే.

ఇల్లందు కథ ఎవరు చెప్పినా బొగ్గుతోనే ఎత్తుకుంటారు. ఊరికి బొగ్గుట్ట అని ఇంకో పేరుంటే మరి ఎట్లా ఎత్తుకుంటారు! కానీ ఆ కథలో సగం కర్రది. ఆ సగాన్ని ఎవరూ రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. బొగ్గుకు టన్నుల లెక్క ఉంది, కర్రకు లేదు. బొగ్గు తవ్వినవాడికి మస్టరు ఉంది, నాగలి చెక్కినవాడికి లేదు. మా తాత ఆ రెండో సగం మనిషి.

మొదటి సగం కథ క్లుప్తంగా ఇది. భద్రాచలం రాములవారి దర్శనానికి బండ్ల మీద పోతున్న యాత్రికులు ఇక్కడ ఆగి, మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి వంట చేసుకుంటుంటే రాళ్లే అంటుకున్నాయని మా వైపు చెప్పుకుంటారు. అది జనం చెప్పే కథ. కాగితం మీదున్న కథ ప్రకారం, భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. ఇప్పటికీ ఈ ప్రాంతపు బాయిల్లో ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటారు. ఇంకోదాన్ని క్వీన్ సీమ్ అన్నారు. రాజు గారొచ్చాక రాణిగారు రాకుండా ఉంటుందా!

1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ నిజాం దగ్గర తవ్వకం హక్కులు తీసుకుంది. కంపెనీ లండన్‌ది. దాని వాటాల అమ్మకాల్లో జరిగిన మాయ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక కమిటీని వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హక్ అనే నిజాం ఉన్నతాధికారి పదవి దాంతోనే పోయింది. హైదరాబాదు నగరంలో చాలామందికి ఇల్లందు ఎటువైపు ఉందో తెలియకముందే లండన్ షేర్ మార్కెట్లో దాని మీద పేకాట అయిపోయిందన్నమాట. డోర్నకల్ మీదుగా రైలు దారి వచ్చింది. 1889 నుంచి బొగ్గు బయటికి వచ్చింది. 1920 డిసెంబరు 23న దాని స్థానంలో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. సింగరేణి పక్క ఊరు. బొగ్గు మాది, పేరు పొరుగూరిది. పేరు విషయంలో మా ఊరికి పట్టిన గతే మా తాతకూ పట్టిందని నాకు నవ్వొస్తుంటుంది.

ఇక కర్ర సంగతి. రైలు పట్టాల కింద పరిచే దుంగలు కర్రవి. బాయి నోటి దగ్గర గిరక నిలబెట్టే చట్రం కర్రది. బొగ్గు నింపే టబ్బులు తొలినాళ్లలో కర్రవి. వీటన్నిటికంటే పెద్ద వాడకం భూమి లోపల. మా వైపు బాయిల్లో బొగ్గు పొరను అడ్డంగా, నిలువుగా తొలుచుకుంటూ పోయి, మధ్య మధ్య చదరపు బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీసేస్తారు. అప్పుడు పైకప్పును ఆపేది ఏమిటి? కర్ర దిమ్మెలు. మనిషి ఎత్తు దిమ్మెను నిలబెట్టి, దానికీ కప్పుకూ మధ్య చెక్క చీలిక పెట్టి సుత్తెతో బిగగొడతారు. ఆ పని చేసేవాడు టింబర్‌మన్. వాడు సరిగా చేస్తేనే తట్టాచెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తేవాడు బతికి బయటికొస్తాడు.

ఇది ఇల్లందు సంగతే కాదు. వేల్స్ బొగ్గు గనులకు దిమ్మెల కోసం ఫ్రాన్సులోని లాండ్ అడవుల పైన్ చెట్లు ఓడలెక్కేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు ఆగి దిమ్మెలకు కటకట వచ్చాక, బ్రిటన్ ఇక ఎవరి మీదా ఆధారపడకూడదని 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టుకుని దేశమంతా చెట్లు నాటింది. ఇల్లందుకు ఆ బాధ లేదు. బాయి పక్కనే అడవి. టేకులపల్లి, గుండాల, బయ్యారం, ఎటు చూసినా మద్ది, టేకు, ఏగిస, తునికి, ఇప్ప. దగ్గరగా దొరికినదానికి లెక్క ఉండదు. టేకులపల్లిలో ఇప్పుడు పేరులో ఉన్నంత టేకు ఊరి చుట్టూ లేదు.

మా ముత్తాత మానుకోట వైపు నుంచి రైలు పట్టాల వెంటే వచ్చాడు. బాయి బయట కార్ఖానాలో చక్రాల పని దొరుకుతుందని వచ్చి, కార్ఖానాలో ఇమడక బస్తీలో సొంత కొట్టం వేశాడు. తాత ఏడేళ్లకే బాడిస పట్టాడు. మా వంశంలో ఎడమ చేతి బొటనవేలి గోరు సరిగా ఉన్న మగాడు లేడని అమ్మమ్మ అనేది.

కొట్టంలో ఏముండేవో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రెండు బాడిసలు, అరడజను ఉళ్లు, ఇద్దరు లాగే పెద్ద రంపం, చిత్రిక, తాడుతో తిప్పే బర్మా, మూలమట్టం, మసి తాడు. మసి తాడంటే నూలు దారాన్ని మసినీళ్లలో ముంచి, రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే దుంగ మీద గీత పడుతుంది. ఆ గీత పడిన చప్పుడుకు ‘టప్’ అని మేం పిల్లలం ఒక్కసారిగా అరిచేవాళ్లం. తాత కసిరేవాడు. మళ్లీ గీత కొట్టేముందు మావైపు ఒక చూపు చూసేవాడు, సిద్ధంగా ఉన్నామా లేదా అని.

నల్లతుమ్మ దుంగలు తెచ్చాక వెంటనే ముట్టుకునేవాడు కాదు. బుగ్గవాగులో నీళ్లు నిలిచిన చోట కొన్ని నెలలు నానేసేవాడు. అట్లా నానితే పురుగు పట్టదు, ఆరాక పగలదు. ‘తొందరున్నోడు తుమ్మ జోలికి పోవద్దు’ అనేవాడు. నాగలికి తుమ్మ, తలుపుకు టేకు, పిల్లల బొమ్మలకు పొనికి. నిర్మల్ బొమ్మలూ కొండపల్లి బొమ్మలూ చేసేది పొనికితోనే. అది బెండులాగా తేలిక. మాకు ఆయన చేసిచ్చిన పొనికి బండి ఒక్క వానకు ఉబ్బి ముక్కలయ్యేది. మళ్లీ చేసిచ్చేవాడు.

బండి చక్రం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆ పని చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. మధ్యలో కుంభం. దానిలోంచి పన్నెండు ఆకులు. ఆకుల చివర అంచుగా ఆరు పూటీలు, ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. ఇదంతా ఒక్క మేకు లేకుండా, కర్రలో కర్ర దిగి నిలబడుతుంది. అప్పటికది చక్రంలాగే ఉంటుంది గానీ చక్రం కాదు. దాని చుట్టూ ఇనుప పట్టా పడాలి. అది కమ్మరి పని. మా తాత, ఆయన జోడు కమ్మరి ఇద్దరూ మామూలు రోజుల్లో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునేవాళ్లు. పట్టా వేసే రోజున మాత్రం అన్నదమ్ముల్లా అయిపోయేవాళ్లు.

చక్రం చుట్టుకొలత దారంతో కొలుస్తారు. పట్టాను దానికంటే వేలెడు తక్కువగా చుట్టి అతుకుతారు. తక్కువ ఎందుకంటే చెబుతాను. పట్టాను నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఎర్రగా కాలేసరికి ఇనుము సాగుతుంది. ముగ్గురు మూడు వైపుల నుంచి పట్టుకార్లతో లేపి చక్రం మీద దించుతారు. కర్ర భగ్గున అంటుకుంటుంది, పొగ కమ్ముకుంటుంది, ఆ పొగలో ఇద్దరు సుత్తెలతో సమంగా కొడుతుంటారు. ఆలస్యమైతే పూటీలు కాలిపోతాయి. తాత చెయ్యి ఎత్తి ‘పొయ్యుండ్రి’ అనగానే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరిస్తారు. చల్లారిన ఇనుము కుంచించుకుని చక్రాన్ని అన్ని వైపుల నుంచి నొక్కుతుంది. అప్పుడు కర్ర కీళ్లు ఒక్కొక్కటే బిగుసుకుంటాయి, కటుక్ కటుక్ మని. తాత చెవి దగ్గరపెట్టి ఆ చప్పుళ్లు లెక్కపెట్టేవాడు. పన్నెండు వినిపిస్తే నవ్వేవాడు. పదకొండే వినిపిస్తే ఆ రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో. దానికి రెండు నెలల ముందు నుంచీ మా కొట్టం ముందు బండ్లు బారులు తీరేవి. సమ్మక్క దగ్గరికి బయల్దేరిన బండి అడవిలో ఇరుసు విరిగి ఆగితే ఆ పాపం వడ్లాయనదేనని ఆయన నమ్మకం. అందుకే జాతర బండికి డబ్బు ముందు అడిగేవాడు కాదు. తిరిగొచ్చాక ఇవ్వమనేవాడు. తిరిగొచ్చినవాళ్లు బంగారం తెచ్చేవాళ్లు. మేడారంలో బంగారమంటే బెల్లం. ఆ నెలంతా మా ఇంట్లో చాయ్ నిండా బంగారమే ఉండేది, బియ్యం మాత్రం ఉండేది కాదు.

రైతుల దగ్గర ఏటా మేర వచ్చేది. పంట కల్లంలో ఉండగానే ఇంటికి ఇన్ని వడ్లని కొలిచి పెట్టేవాళ్లు. దానికి బదులు ఏడాది పొడుగునా నాగలి, గుంటక, కాడి ఏది విరిగినా వడ్లాయన చూసుకోవాలి. దీన్ని ఎంతో అందమైన ఏర్పాటని రాసేవాళ్లున్నారు. నాకు అంత అందంగా ఏమీ తోచదు. వానలు పడని ఏడు కొలిచే చెయ్యి చిన్నదయ్యేది, విరిగే నాగళ్లు మాత్రం తగ్గేవి కాదు.

1950ల మధ్యలో తాత బాయిలోకి దిగాడు. అప్పటికి నిజాం ఏలుబడి పోయింది, 1945లోనే వాటాలు సర్కారు చేతిలోకి వచ్చాయి, కార్మిక సంఘాలు బలపడ్డాయి. శేషగిరి పేరు చెబితే బస్తీలో ముసలివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ప్రాణమిచ్చిన కార్మిక నాయకుడాయన. తాతకు రాజకీయం పట్టేది కాదు. అప్పటికి ముగ్గురు పిల్లలు, మేర గింజలు చాలలేదు, అందుకు దిగాడు. కర్ర తెలిసినవాడని టింబర్‌మన్ పని ఇచ్చారు. నాలుగేళ్లు చేశాడు.

ఆ నాలుగేళ్ల గురించి ఎప్పుడు అడిగినా ఒకటే చెప్పేవాడు. ‘ఇనుము సప్పుడు చెయ్యకుంట ఇరుగుతది. కర్ర ముందుగాల చెప్తది.’ కప్పు బరువు దిగుతున్నప్పుడు దిమ్మె చిటపటమంటుంది, నార లేస్తుంది. ఆ చప్పుడు వినగానే మనుషులు పరుగెత్తాలి. ఇనుప దిమ్మెలు వచ్చాక కూడా పాత పనివాళ్లు మధ్యలో ఒక కర్ర దిమ్మె పెట్టించుకునేవాళ్లంటే అందుకే. అది పైకప్పును ఆపినా ఆపకపోయినా కబురు చెబుతుంది.

ఒక రోజు కబురు రాలేదు. ఒక బాయిలో కప్పు కూలి తాత జోడీదారు పోయాడు. దిమ్మె తాతే బిగించింది. తప్పు ఆయనదని ఎవరూ అనలేదు. చీలిక సరిగానే పడిందని పక్కనున్నవాళ్లూ చెప్పారు. ఆయన మరునాడు మస్టరు పడలేదు. ఆ తర్వాతి రోజూ పడలేదు. వారం తర్వాత కొట్టంలో బాడిసకు పదును పెడుతూ కనిపించాడు. పోయినాయన భార్య ఇంటికి మా అమ్మమ్మ ప్రతి సంక్రాంతికీ ఒక మూట పంపేది. అందులో ఏముండేదో మాకు చెప్పలేదు, మేం అడగలేదు.

1975 నుంచి బొగ్గు కార్మికులకు జాతీయ వేతన ఒప్పందాలు మొదలయ్యాయి. జీతాలు పెరిగాయి, క్వార్టర్లు, బోనస్, ఉచిత వైద్యం, కొడుకుకు ఉద్యోగం. అప్పుడు బస్తీలో తాతను తెలివితక్కువవాడు అననివాడు లేడు. నౌకరీ వదులుకున్న మనిషి కదా! మా పెద్దమామ కూడా ఒకసారి అన్నాడు, ‘నాయినా, నువ్వు ఆగుంటే నాకు నౌకరి వస్తుండె’ అని. తాత చిత్రిక ఆపకుండానే ‘ఆగుంటే నువ్వు నా నౌకరి చేస్తుంటివి, నేను ఉండకపోతుంటి’ అన్నాడు. ఈ మాట విన్నప్పుడు గొప్పగా అనిపిస్తుంది. మా మామకు మాత్రం అట్లా అనిపించలేదు. ఆయన తర్వాత ముప్పై ఏళ్లు లారీ నడిపాడు.

ఈలోగా తాత పని కింద నేల కదలడం మొదలైంది. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది, బస్సులు పెరిగాయి, యాత్రకు బండి కట్టేవాళ్లు తగ్గారు. తర్వాత టైరు బండ్లు వచ్చాయి. కర్ర చక్రం రోడ్డును పాడు చేస్తుందని, ఎద్దుకు భారమని అన్నారు. రెండూ నిజమే. తాత కూడా ఒప్పుకున్నాడు. ‘ఎద్దుకు సుఖమైతే మనకేంది’ అన్నాడు. ఆ తర్వాత ట్రాక్టర్లు. కర్ర నాగలికి బదులు ఇనుప నాగలి. ఎద్దే లేనప్పుడు కాడి ఎవడిక్కావాలి!

ఇంకోవైపు అడవి మూసుకుంది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చాక టేకు దుంగ కదిలించాలంటే కాగితం కావాలి. చట్టం తప్పని నేను అనను. గొడ్డలికి అదుపు లేకపోతే ఈపాటికి గుండాల దాకా బోడి గుట్టలే మిగిలేవి. అయితే ఆ కాగితం లారీల్లో తరలించేవాడికి సులువుగానూ ఒక్క గుమ్మం చేసేవాడికి కష్టంగానూ దొరకడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. రెండు దుంగల పర్మిట్టు కోసం తాత ఒక ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చున్నాడు. నేను అన్నం గిన్నె తీసుకెళ్లాను. మూడో రోజు వెళ్లలేదు. ఆ గుమ్మాన్ని వేపతో చేశాడు.

అక్కడి నుంచి ఆయన ఇళ్ల పనికి మళ్లాడు. తలుపులు, కిటికీలు, మంచాలు, బడి బల్లలు, దేవుడి మందసాలు. కార్మికుల ఇళ్లల్లో డబ్బు ఆడుతున్న కాలం, పని బాగానే దొరికింది. ఐదుగురు పిల్లల పెళ్లిళ్లు ఆ తలుపులతోనే అయ్యాయి. ఇద్దరు ఆడపిల్లల్ని పదో తరగతి దాకా చదివించాడు, మా అమ్మ అందులో ఒకరు. లెక్కల్లో అమ్మకు ఎన్ని మార్కులొచ్చాయో తాతకు జీవితాంతం గుర్తుంది. కొడుకుల మార్కులు గుర్తులేవు. కొడుకుల్లో ఒక్కరికీ బాడిస చేతికివ్వలేదు. చిన్నమామ తనంతట తానే లాక్కున్నాడు.

కోపం మనిషి. కల్లు రోజు మరీను. కోపం వస్తే పని ముట్టుకునేవాడు కాదు, ‘కోపంల చెక్కిన మంచం మీద కాపురం నిలువది’ అని పక్కకు జరిగి బీడీ ముట్టించేవాడు. మా అమ్మమ్మ దీనికి ఇచ్చే వివరణ వేరు. పని ఎగ్గొట్టడానికే కోపం తెచ్చుకునేవాడని.

బాకీల లెక్క కొట్టం తలుపు లోపలివైపు ఉండేది. చదువు రాదు కాబట్టి బొమ్మలు గీసేవాడు. చక్రం, నాగలి, మంచం, తలుపు. పక్కన ఎవరిదో తెలియడానికి గుర్తు: మీసాలు, గొడుగు, కుంటికాలు, మేక. ఆ కిందే రావాల్సిన పదులకు నిలువు గీతలు. దయగల మనిషి కాబట్టి ఆ డబ్బులు అడగలేదని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన అడగలేదు, అమ్మమ్మ అడిగింది. నల్లా దగ్గర బిందె నింపుకునేటప్పుడు ‘మీసాల’ ఇల్లాలిని, ‘మేక’ ఇల్లాలిని పక్కకు పిలిచి నెమ్మదిగా వసూలు చేసేది. ఇంటికొచ్చి తడి వేలితో గీత చెరిపేది. మా ఇల్లు నడిచింది ఆ తడి వేలి వల్ల.

ఒక్క తొట్టెలలకు మాత్రం గీతలుండవు. టేకుతో మూడు తొట్టెలలు చేసి పెట్టాడు. ఎవరింట్లో కాన్పయితే వాళ్లు పట్టుకుపోవాలి, పిల్ల పాకడం మొదలుపెట్టగానే తెచ్చివ్వాలి. కిరాయి లేదు. కార్మికుల బస్తీల నుంచి, తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి తీసుకుపోయేవాళ్లు. నేను ఊగిన తొట్టెలలో నాకంటే ముందు ఎంతమంది ఊగారో అమ్మమ్మ వేళ్ల మీద చెప్పేది, పది దాటాక కాలివేళ్ల మీదికి వెళ్లేది. సైకిలు మీద తిరిగే ఎమ్మెల్యేని ఐదుసార్లు గెలిపించిన ఊరు మాది. గుమ్మడి నర్సయ్య సంగతి తెలియనివాళ్లు ఉండరు. ఆడంబరం లేని మనిషిని ఈ ఊరు తొందరగా తనవాణ్ణి చేసుకుంటుంది. తాత సాయంత్రం ఆమ్ బజార్ దాకా నడిచి వచ్చేసరికి గంట పట్టేదంటే దూరం వల్ల కాదు. ప్రతి రెండు ఇళ్లకు ఒకటి ఆయన చేసిన గుమ్మం, గుమ్మానికొక పలకరింపు.

1990ల నుంచి ఊరు మరో మలుపు తిరిగింది. బాయిల్లో కర్ర దిమ్మెల స్థానంలో పైకప్పుకు ఇనుప బోల్టులు దించడం పెరిగింది. ఆ పక్కనే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. భూమిని పైనుంచి గీకేసి బొగ్గు తీసేటప్పుడు కప్పే ఉండదు, దిమ్మె ఎందుకు! 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దరిదాపుకు వచ్చారు. కంపెనీ పుట్టిన ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్లు ఎక్కువ. ఎప్పుడో ముఖ్య కార్యాలయం కొత్తగూడెం పోయింది, గోదావరిఖని, భూపాలపల్లి పెరిగాయి. తాత చేసిన మంచాలు లారీలెక్కి అటు పోవడం నేను చూశాను. ఇక్కడ కొత్త ఇళ్లకు ప్లైవుడ్ తలుపులు, ఆ తర్వాత ప్లాస్టిక్ కిటికీలు.

చివరి మూడేళ్లు తాత చేతులు వణికేవి. మా అక్కకు బిడ్డ పుడుతోందని తెలిసి నాలుగో తొట్టెల మొదలుపెట్టాడు. మసి తాడు గీత వంకర పోయింది. దాన్ని కాసేపు చూసి, తాడు చుట్టేసి, చిన్నమామ చేతికిచ్చాడు. ఏమీ అనలేదు. పోయిన రోజున బస్తీ అంతా వచ్చింది. గుండాల నుంచి ఒక ముసలి కోయ ఆయన, బస్సు లేని పూట, నడిచి వచ్చాడు. ‘మా ఊళ్లె ఆయన చేసిన బండి ఒక్కటి మిగిలింది’ అన్నాడు. పరామర్శగా ఇంకేమీ చెప్పలేదు.

2014లో తెలంగాణ వచ్చింది. అంతకుముందు 2011 సకల జనుల సమ్మెలో బాయిలన్నీ ఆగినప్పుడు ఇల్లందు కూడా ఆగింది. 2016 అక్టోబరు 11న మా ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. పద్దెనిమిది వృత్తులవాళ్లకు, పనిముట్ల కోసం 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మూడు లక్షల దాకా అప్పు. చిన్నమామ దరఖాస్తు పెట్టడానికి పోతే వృత్తి పేరు దగ్గర ఆగి అడిగాడట, ‘వడ్రంగి అని రాయాల్నా, కిటికీలు బిగించెటోడు అని రాయాల్నా?’ అని. ఆయన ఇప్పుడు చేసేది రెండోదే. మంచి పథకమే. ముప్పై ఏళ్ల కిందట వచ్చుంటే ఇంకా మంచి పథకమయ్యేది.

ఈ మధ్య ఓపెన్‌కాస్టులో షవెల్ నడిపే మా బంధువొకడు ఒక సంగతి చెప్పాడు. పైనుంచి తవ్వుకుంటూ పోతుంటే పాతకాలపు బాయి సొరంగాలు తెగి బయటపడతాయి. వాటిలో అప్పుడప్పుడూ నిలబెట్టిన దిమ్మెలు నిలబెట్టినట్టే కనిపిస్తాయట. బొగ్గుకంటే నల్లగా అయిపోయి, మీద గొడ్డలి గాట్లతో సహా. పైన బిగించిన చెక్క చీలిక కూడా ఊడలేదట. వాటిని బొగ్గులోంచి ఏరి చెత్త కుప్పలో పడేస్తారు. బొగ్గులో కర్ర కలిస్తే నాణ్యత పడిపోతుంది మరి. అట్లాంటి దిమ్మె ఒక్కటైనా పక్కన పెట్టి ఇల్లందులో ఎక్కడైనా నిలబెడితే బాగుంటుందని, పెట్టగలిగినవాళ్లు చదువుతారేమోనని, ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొకటి. తాత చేసిన మూడు తొట్టెలలలో రెండు మా ఇంట్లోనే ఉన్నాయి. మూడోది 1998 ప్రాంతంలో కాన్పుకని ఎవరో తీసుకుపోయారు, తిరిగి రాలేదు. అప్పటికి అమ్మమ్మ జ్ఞాపకం తప్పుతోంది, ఎవరికిచ్చిందో చెప్పలేకపోయింది. టేకుది. అడుగు పలక కింద ఒక మూలన రూపాయి బిళ్లంత చక్రం చెక్కి ఉంటుంది, పన్నెండు ఆకులతో. మీ ఇంట్లోగానీ మీ చుట్టాలింట్లోగానీ ఉంటే తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఉందని చెప్పండి చాలు.